ఏడుగురూ కలిసి అవుటయ్యే మా చెడుగుడు జట్టు

ఇందుమూలముగా సకల జనులకూ తెలియజేయడమేమనగా... మా చిన్నప్పుడు ఈ సముద్రం ఒడ్డు పొడుగునా వెతికినా మా పాలెం చెడుగుడు జట్టు కంటే దరిద్రపు జట్టు ఇంకొకటి లేదు. అభ్యంతరం గలవారు ఆ ఎండాకాలం మా ఆటలన్నీ చూసినవాళ్లలో ఒక్కరిని నా ముందుకు తీసుకొని రావలెను. వాళ్ల కాళ్లకు మొక్కుతాను... అన్నీ చూసి కూడా బతికున్నందుకు!

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో మాట. పైవూళ్లలో వరికోతలు అయిపోయి మళ్లు ఎండిపోయాయంటే చాలు... ఆదివారం ఆదివారం ఊరికీ ఊరికీ పందెం. మావాళ్లేమో చేపలు పట్టేవాళ్లు. తలుపుల్లాంటి రొమ్ములు, మోకుల్లాంటి చేతులు. నీళ్లలో మునిగితే ఎంతసేపటికీ పైకి వచ్చేవాళ్లు కాదు. బరిలో నిలబడితే చూడ్డానికి భయం వేసేది... ఆట మొదలైతే ఏడుపొచ్చేది.

జబ్బు ఒకటే. ఒడ్డు మీద పెద్ద వల లాగేటప్పుడు "ఐలసా" అని కేక పడగానే తాడు మీదున్న చేతులన్నీ ఒక్కసారే లాగాలి. ఒకడు ఆగినా వల వెనక్కి పోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే పని కదా... చెడుగుడులోనూ అదే చేసేవాళ్లు. అవతలివాడు కూతకు రావడం ఆలస్యం, ఏడుగురూ కట్టకట్టుకుని వాడి మీద పడేవాళ్లు. వాడు ఆ కుప్ప కింది నుంచే చెయ్యి చాపి మధ్యగీత అందుకునేవాడు. వాడిని తాకిన వాళ్లంతా అవుట్... అంటే మా జట్టు మొత్తం అవుట్!

మా పిల్లమూక ఊరుకుంటుందా... ఓడిపోయి వస్తున్న జట్టు వెనకాల కిరసనాయిలు డబ్బా మీద చావుమేళం వాయించుకుంటూ ఇంటిదాకా సాగనంపేవాళ్లం.

మా నాన్నకు అక్క, కోటమ్మత్తకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఆమె ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పైవూళ్లు తిరిగి అమ్ముకొచ్చేది. మావాళ్లు ఆదివారం ఏ ఊరి చేతిలో ఓడితే, సోమవారం ఆ ఊళ్లోనే ఆమె బుట్ట దించాలి. ప్రతి అరుగు మీదా ఒకటే పలకరింపు...

"ఏందిమే కోటమ్మా, మీవోళ్లు ఈసారి గూడా అందరూ కలిసే సచ్చినారంటనే!"

అత్త నోటికి మా పాలెంలో మొనగాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. అక్కడ మాత్రం తల వంచుకుని చేపలు లెక్కపెట్టిచ్చేది... మాటకు మాట అంటే బేరం పోతుంది మరి. ఆ కోపమంతా మోసుకొచ్చి జట్టు నాయకుడు పోలయ్య నెత్తిన దించేది.

"మడిసిని పడతన్నారా, సొరచేపని లాగతన్నారా? ఇద్దురు పట్టుకుంటే సాలదా?"

"ఏం జేసేదక్కా... ఇద్దురే పోవాలనుకుంటాం. వాడు జారతా ఉంటే కాళ్లు నిలవ్వు."

"నిలవకపోతే గుంజకు కట్టేసుకోండ్రా! ఒక్క ఆట గెలవండి... ఒక్క సోమారం నేను తలెత్తుకోని బుట్ట దించతా. అంతకంటే ఏం అడగను."

చివరి ఆట చిట్టమూరు వైపు ఒక ఊరితో. అత్త దగ్గర వాడికగా చేపలు కొనే ఇళ్లు ఎక్కువున్న ఊరు అది. ఆ రోజు ఆమే వచ్చింది. బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

ఏ దేవుడు కరుణించాడో... ఆ రోజు మావాళ్లు మనుషుల్లా ఆడారు! ఇద్దరు పట్టడం, మిగతావాళ్లు వెనక నిలబడటం. అవతల ఒక్కొక్కడే అవుటై, చివరికి ఒక బక్కోడు మిగిలాడు. మావాళ్లు ఇంకా అయిదుగురు. వాడిని కూత తెగేదాకా పట్టి ఉంచితే చాలు... ఆట మాది, సోమవారం అత్తది.

బక్కోడు కూతకు వచ్చాడు. పోలయ్య కాలు పట్టాడు, ఇంకొకడు నడుం పట్టాడు. మిగిలిన ముగ్గురూ వెనకే నిలబడ్డారు. వాడి కూత సన్నబడుతోంది... ఇంక తెగుతుంది... ఇంక తెగుతుంది...

అత్త ఉండబట్టలేక లేచి "ఐలసా!" అని కేక పెట్టింది.

అంతే. ముగ్గురూ ఎగిరి దూకారు. ఆ దూకుడికి పోలయ్య పట్టే వదిలిపోయింది. ఆ మనుషుల కుప్పలోంచి బక్కోడు మలుగుపాములా జారి, గీత మీద వేలు పెట్టాడు.

ఆ సాయంత్రం మేము డబ్బా వాయించలేదు.

సోమవారం అత్త మళ్లీ ఆ ఊరికే పోయింది. నేనూ వెంట పోయాను. మొదటి ఇంటామె వాకిట్లోనే నవ్వింది... "మావోణ్ణి గీత దాకా మీవోళ్లే మోసినారంటనే కోటమ్మా!" అత్త బుట్ట మీది గుడ్డ తీసి, చేపలు సర్దుతూ, "నెత్తళ్లు ఈయమంటావా అమ్మా?" అంది. తల ఎత్తలేదు.

ఇప్పుడు మా మనవడు టీవీలో క్రికెట్ చూస్తాడు. వాడి జట్టు వరసగా ఓడితే మర్నాటికి ఇంకో జట్టు వాడైపోతాడు, చొక్కాతో సహా. మాకు మార్చుకోవడానికి ఇంకో పాలెం ఉండేది కాదు... గెలవకపోయినా వాళ్లే, ఏడిపించినా వాళ్లే. మీకూ అలాంటి దిక్కుమాలిన జట్టు ఉండే ఉంటుంది... కింద రాయండి, కలిసి ఏడుద్దాం.

అన్నట్టు... అత్త "ఐలసా" అని కేక పెట్టిందని రాశానే, అది పూర్తిగా నా కల్పన. ఎవరూ అరవలేదు. వాళ్లంతట వాళ్లే దూకారు. అంత దగ్గరికొచ్చి ఓడిపోవడానికి ఏదో ఒక కారణం ఉంటే బాగుంటుందని పెట్టాను.

అత్త అసలు ఆ కూత చూడనే లేదు. కొంగు మొహానికి కప్పుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పట్టినారా అబ్బయ్యా? కూత తెగిందా?" అని అడుగుతూనే ఉంది. ఎదురుగా బక్కోడి ఊరు ఊరంతా ఎగిరి గంతులేస్తోంది.

"పట్టుకోనే ఉండారత్తా..." అన్నాను.