బాబాయి గారి ఓటు

1998 సెప్టెంబరు 14, సోమవారం. అయిన పనులు: బియ్యం ఏరడం, రెండు బకెట్ల బట్టలు ఉతికి మేడ మీద ఆరెయ్యడం, ఏసీ ఫిల్టరు కడగడం. సగం అయినది: కందిపొడి. మిక్సీ ఆపి జీలకర్ర వేస్తుండగా తలుపు చప్పుడైంది. వర్క్‌షాపు డ్రైవరు గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "బాబా ఖలాస్, భాభీ" అన్నాడు. సామాను అయిపోయినా, డ్యూటీ అయిపోయినా ఇక్కడ అదే మాట. మనిషి అయిపోయినా అదేనని ఆ రోజు తెలిసింది. మా కింది గదిలో ఉండే బాబాయి గారు ఆ పొద్దున మీనా సల్మాన్ రేవులో, తన స్టోర్సు గదిలో, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నా పనుల పుస్తకంలో ఆ పేజీ అక్కడితో ఆగింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా నాన్నగారి ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో పుట్టారని తెలిసిన రోజు నుంచి బాబాయి గారయ్యారు. నేను 'అమ్మాయ్', మావారు 'అల్లుడు'. మన తెలుగు సంఘం పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన ఉగాదికి పచ్చడి కలిపే పెద్దాయనగానే తెలుసు. ఆయన యౌవనంలోనే ఇంగ్లండు వెళ్ళి, ఒక చిన్న ఊళ్ళో ఇరవై మూడేళ్ళు సిటీ బస్సుల్లో పనిచేశారు. మొదట కండక్టరు, తర్వాత డ్రైవరు. ఎక్కే ప్రతివాళ్ళకీ 'ఆయ్' అనేవారట. అక్కడివాళ్ళు అది మన నమస్కారం అనుకుని తిరిగి 'ఆయ్' అనేవారట. ఆయన దిద్దలేదు. దిద్దితే అనడం మానేస్తారని భయం.

బ్రిటిష్ పాస్‌పోర్టు పెట్టుకుని ఈ అరబ్బు దేశంలో స్టోరుకీపరు పనేమిటని కొత్తవాళ్ళు అడిగేవారు. ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు.

"ఇంగ్లండులో ఇల్లు లేదు. కాకినాడ పోవాలంటే వీసా కావాలి. ఇక్కడ ఉండాలంటే పూచీ పడే కఫీల్ కావాలి. ఏదీ అక్కర్లేని చోటు చెప్పు నాయనా, రేపే పోతా."

అందరూ నవ్వేవారు. ఆయన పాస్‌పోర్టూ మావారిదీ నాదీ మూడూ కంపెనీల బీరువాల్లోనే ఉండేవి. సిత్రాలో పనిచేసే మావారికి ఓవర్‌టైం ఉన్న రోజుల్లో నేను పొద్దున తలుపు గడియ వేస్తే చీకటి పడ్డాకే తీసేదాన్ని. కూరగాయలు, ఉత్తరాలు, మందులు అన్నీ మావారి చేతి మీదుగానే వచ్చేవి, పోయేవి. పన్నెండేళ్ళలో నేను ఒంటరిగా ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు. వెళ్ళకూడదని ఎవరూ రాసిపెట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన భోజనం మా ఇంట్లోనే. తిన్నాక లండన్ రేడియో పెట్టుకుని ఆ దేశపు ఎన్నికల కబుర్లు చెప్పేవారు. అక్కడా ప్రధానంగా రెండు పెద్ద పార్టీలు. వాటి పక్కన ఎన్నో చిన్నవి. యూరప్‌తో పొత్తు వద్దనేవాళ్ళు, చెట్లూ నదులూ అనేవాళ్ళు, రంగు టోపీలు పెట్టుకుని జనాన్ని నవ్వించడానికే నిలబడేవాళ్ళు. మన దగ్గరలాగే అక్కడా డిపాజిట్టు గల్లంతవుతుందని ఆయన చెప్పినప్పుడు నాకు ఎందుకో ఆ దేశం మీద చనువు కలిగింది.

ఆయన ఏళ్ళ తరబడి కార్మికుల పక్షమని చెప్పుకునే పెద్ద పార్టీకే ఓటు వేశారు. ఒక ఏడు ఊళ్ళో బస్సు డిపో మూసెయ్యాలని నిర్ణయం జరిగింది. బాబాయి గారితో సహా డ్రైవర్లు పదిమంది కలిసి ఆ పార్టీ పెద్దమనిషి ఇంటికి వెళ్ళారు. అతను టీ ఇచ్చి, మర్యాదగా కూర్చోబెట్టి, తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. అయితే ఈసారి మా ఓట్లు ఉండవన్నారు వీళ్ళు. అతను నవ్వాడట.

"మాకు కాకపోతే ఇంకెవరికి వేస్తారయ్యా మీరు?"

బాబాయి గారు ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పేవారు. ఆ నవ్వు ఆయనకు తగిలింది. అవతలి పెద్ద పార్టీ బాబాయి గారిలాంటివాళ్ళు అసలు ఆ దేశం రాకుండా ఉంటే బాగుండేదనే రకం. వాళ్ళకు వెయ్యలేరు. ఇవతలివాళ్ళకు ఆ సంగతి తెలుసు. ఆ ఎన్నికల్లో ఆయన చెట్ల పార్టీకి వేశారు. ఆ పార్టీ తరఫున నిలబడింది రోజూ ఆయన బస్సులో వెళ్ళే ఒక బడి వంటమనిషి. ఆవిడ గెలవదని ఆవిడకే తెలుసు. డిపాజిట్టు పోయింది, డిపో మూతపడింది, భార్య పోయిన బాబాయి గారు ఇక్కడికి వచ్చేశారు. ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ దూరం నుంచే, ఓడిపోయే ఆ పార్టీకే, తన తరఫున ఒక పాత సర్దార్ స్నేహితుడి చేత ఓటు వేయించారు.

"వృథా కాదా బాబాయి గారూ?" అని ఒకసారి అడిగాను. నాకు బియ్యంలో నూక పోయినా రాసిపెట్టుకునే అలవాటు.

"మా వర్క్‌షాపు మేనేజరు రోజూ ఏవంటాడో తెలుసా అమ్మాయ్? 'కిధర్ జాయేగా బుడ్ఢా?' అంటాడు, ఎక్కడికి పోతావు ముసలోడా అని. వాడికి జవాబు చెప్పలేను. వాళ్ళకి చెప్పగలను కదా."

అలా చెప్పాలంటే ఆయన పేరు ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉండాలి. దేశం బయట ఉన్నవాళ్ళు ఏటా ఒక ఫారం సంతకం చేసి పంపాలి. పంపకపోతే పేరు తీసేస్తారు. సెప్టెంబరు రాగానే నా పుస్తకంలో 'బాబాయి గారి ఫారం' అని రాసి గుర్తుచేసేదాన్ని. ఈ భూమ్మీద తన పేరు అచ్చులో ఉన్న చోటు అదొక్కటేనని ఆయన అనేవారు.

1996లో ఆ నెలలోనే ఆయన స్టోర్సు నిచ్చెన మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నారు. ఎప్పుడూ తానే వెళ్ళి పోస్టు చేసే మనిషి, కట్టు కాలితో మంచం మీంచి ఫారం కవరులో పెట్టి నా చేతికిచ్చారు. స్టాంపులు కూడా అంటించి ఉన్నాయి. నేను మావారికిచ్చాను. ఆయన కవరు మీది అక్షరాలు చదివి తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఎన్నికలని రాసున్న కాగితం మన చేతి మీదుగా ఎందుకు? ఊళ్ళో గొడవలు, రోడ్లసలే బాగాలేవు. మామీర్ దగ్గర పోలీసులు రోజూ బస్సు ఆపి చూస్తన్నారు. నా వీసా కాగితాలు రెన్యువల్‌కి లోపలున్నాయి."

మావారిది భయమే, దురుద్దేశం కాదు. ఆ నెల మాకు వీసా రాకపోతే ఎక్కడికి పోతామన్నది నిజమైన ప్రశ్న. కానీ పోస్టాఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. నేను వెళ్ళవచ్చు. మర్నాడు గడియ మీద చెయ్యి వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఫారం పనుల పుస్తకంలో పెట్టి, పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టాను. సాయంత్రం చారు తీసుకుని కిందికి వెళితే ఆయన అడిగారు, పంపారా అని. పంపాం బాబాయి గారూ అన్నాను.

తొంభై ఏడు మేలో అక్కడ ఎన్నికలు జరిగాయి. రేడియోలో ఒక పెద్ద పార్టీ ఊడ్చుకుపోయిందని చెబుతున్నారు. ఆయన మాత్రం తన ఊరి లెక్క కోసం ఎదురుచూశారు. మూడు వారాలకు సర్దార్ గారి ఉత్తరం, దాంతోపాటు ఓటర్ల ఆఫీసు ఉత్తరం వచ్చాయి. ఆ శుక్రవారం ఆయన భోజనానికి ముందే మేడెక్కి వచ్చారు.

"కళ్ళజోడు తేలేదు అమ్మాయ్. కాస్త చదివి పెట్టు."

కళ్ళజోడు ఆయన చొక్కా జేబులో ఉంది. నాకు కనిపిస్తోంది. నాకు కనిపిస్తోందని ఆయనకూ తెలుసు. కూర్చుని చదివాను. సర్దార్ గారు వానలో కర్ర పట్టుకుని ఓటు వెయ్యడానికి వెళితే, జాబితాలో పేరు లేదని పంపేశారట. 'నువ్వు పోయావనుకుని తీసేశారేమో, పోతే నాకు ముందు చెప్పాలి కదరా' అని వేళాకోళం, వంటావిడకి ఈసారీ డిపాజిట్టు పోయిందని కబురూ రాశారు. రెండో ఉత్తరంలో ఒక్కటే ముఖ్యమైన వాక్యం. మీరు గడువులోగా ఫారం పంపనందువల్ల మీ పేరు తొలగించడమైనది. ఇరవై మూడేళ్ళలో ఒక్క షిఫ్టు తప్పని మనిషికి, మీరు పంపలేదు అని రాశారు. నా గొంతులోంచే అది బయటికి వచ్చింది.

మావారు వంటగది గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నారు. బాబాయి గారు ఉత్తరాలు మడిచి జేబులో, కళ్ళజోడు పక్కన పెట్టుకున్నారు.

"పోస్టులో పోయుంటుంది. సముద్రాలు దాటాలి కదా. అల్లుడూ, అన్నం పెట్టించు, ఆకలేస్తంది."

తప్పించుకునే దారి ఆయనే తీసి పెట్టారు. నేను ఆ దారినే పోయాను. వడ్డిస్తూ ఇంకో తప్పు చేశాను. వంటావిడకి డిపాజిట్టు ఎలాగూ రాలేదు, మీ ఓటు ఒక్కటి పడినా వచ్చేది కాదు కదా అన్నాను. నాకు ఊరట కావాలి.

"రాదు. కానీ ఓడినవాళ్ళలో నేనుండేవాణ్ణి" అన్నారు. తర్వాత పెరుగు వేసుకున్నారు.

ఆ సెప్టెంబరులో ఫారం ఆయనే కుంటుకుంటూ వెళ్ళి పోస్టు చేశారు. నాకివ్వలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఉగాదికి ఎప్పట్లా పచ్చడి నాకే ముందు పెట్టారు. ఏడాదిన్నర పాటు ప్రతి శుక్రవారం నిజం చెబుదామని అనుకుని, చెప్పలేక, ఇంకో గరిటె కూర వేస్తూ వచ్చాను. ఆయన కూడా వద్దనకుండా తినేవారు.

ఇక్కడి శ్మశానంలోనే దహనం జరిగింది. చితాభస్మం మావారు వచ్చే సెలవుకు గోదావరికి తీసుకువెళతారు. 'బూడిదకి వీసా అక్కర్లేదంట, కనుక్కున్నాను' అని ఆయన ఎప్పుడో అన్నారు.

పదకొండో రోజు డ్రైవరు మళ్ళీ వచ్చాడు. వర్క్‌షాపుకు ఆయన పేరిట వచ్చిన కవరు ఇచ్చి వెళ్ళాడు. ఈ ఏటి ఫారం. మీరు ఇంకా అర్హులైతే సంతకం చేసి పంపగలరు అని ఉంది. రెండు రోజులు అది బల్ల మీదే ఉంది. మూడో రోజు పనులన్నీ ముగించి, నాకు చేతనైన ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఈ ఓటరు మరణించారు, పేరు తొలగించగలరు. తొంభై ఆరులో ఫారం పంపనిది ఆయన కాదు. ఆయన సమయానికే సంతకం చేసి నాకిచ్చారు, పోస్టు చెయ్యనిది నేను. ఆ ఫారం జతపరుస్తున్నాను. మీ పుస్తకంలో అది ఆయన తప్పని రాసి ఉంటే దయచేసి దిద్దగలరు.

ఆ ఆఫీసులో దీన్ని చదివే మనిషికి ఏం చెయ్యాలో తోచదని తెలుసు. మావారికి చదివి వినిపించాను. తాను వచ్చేదాకా ఆగితే కలిసి వెళదామన్నారు. వద్దన్నాను.

పాత ఫారం బియ్యం డబ్బా మీది పుస్తకంలోనే ఉంది. రెండేళ్ళ బరువుకి కాగితం నున్నగా అయింది గానీ సంతకం చెదరలేదు. గడియ తీసి, మెట్లు దిగి, కింది గది ముందు ఆగాను. తాళం వేసి ఉంది, చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తర్వాత ఎండలో పది నిమిషాలు నడిచాను. నన్నెవరూ ఆపలేదు, ఎవరూ చూడనైనా లేదు. పోస్టుడబ్బా నోట్లో కవరు పెట్టి కాసేపు పట్టుకునే ఉన్నాను. వదిలాక అది అడుగున పడిన చప్పుడు వినిపించింది. డబ్బా ఖాళీగా ఉన్నట్టుంది.

1998 సెప్టెంబరు 27, ఆదివారం. అయిన పనులు: బట్టలు, బియ్యం, మిగిలిన కందిపొడి. బాబాయి గారి ఫారం పోస్టు చేశాను. బాకీ లేదు.