నాయనమ్మ ఎండబెట్టిన క్రిస్మస్ రికార్డు

మా చిన్నప్పుడు... పటమటలో మా డాబా మీద నులకమంచం. దాని మీద ఒక పక్క చాటలో మినప్పప్పు, ఇంకో పక్క ఎండుమిరపకాయలు... మధ్యలో నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ మా నాన్న ప్రాణం!

అదో ఎల్పీ రికార్డు. క్రిస్మస్ పాటల ఆర్కెస్ట్రా. పాడేవాళ్ళెవరూ ఉండరు... అన్నీ వయొలిన్లు, వేణువులు, బాకాలే. డెబ్బైల నాటి మాట ఇది. నాన్న స్కూల్లో లెక్కల మాస్టారు. ఊరొదిలి వెళ్ళిపోతూ ఒక డాక్టరుగారు రికార్డు ప్లేయరుతో పాటు ఇచ్చారట. డిసెంబరు రాగానే అట్టలోంచి తీస్తే, కొత్త సంవత్సరం దాకా మా ఇంట్లో ప్రతి ఉదయం అదే మోత.

రికార్డు నాన్నదే అయినా, దాని మీద పెత్తనమంతా నాయనమ్మది. కంకిపాడులో పొలం పనులు చేసి నాన్నను చదివించిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు. "మాటల్లేవుగా, మరీ మంచిది. మన మాటలు మనం పెట్టుకోవచ్చు" అనేది. ఆ వయొలిన్ల మీద తనకు తోచిన తెలుగు మాటలు కట్టి పాడేసేది... పశువుల పాక, చలి, పసిబిడ్డ, వాళ్ళమ్మ కొంగు...

రెండో పాటలో ఒకచోట గీత పడి, సూది ఒకసారి వెనక్కి దూకేది. నాయనమ్మ కూడా ఏమాత్రం తడబడకుండా "కొంగు కప్పవమ్మా" అని రెండుసార్లు పాడేది. పాటే అంతని నేననుకునేదాన్ని! ఆ పాట చివర వయొలిన్ల అడుగున ఎక్కడో చిన్న గంట మోగేది... చెవి ఒగ్గితే గానీ వినపడదు. అది రాగానే వేలు పైకెత్తి "అదిగో, మా కంకిపాడు చర్చి గంట" అనేది.

ఆ ఏడు నవంబరంతా ముసురు. బీరువాలో ఉన్న రికార్డుకి బూజు పట్టింది. నాయనమ్మ సిద్ధాంతం ఒక్కటే... ఎండ తగిలితే బాగుపడనిది లేదు. పరుపులు, జాడీలు, జలుబు చేసిన నేను... అందరం ఎండలోకే! ముసురు వదిలి ఎండ రాగానే రికార్డును కూడా శుభ్రంగా తడిగుడ్డతో తుడిచి, మినప్పప్పు పక్కన పెట్టింది.

సాయంత్రం నాన్న వచ్చేసరికి అది అంచులు లేచిన అప్పడం.

నాన్న దాన్ని అలాగే అట్టలో పెట్టి బీరువాలో దాచేశారు. ఒక మాట అన్నా బాగుండేది. నాయనమ్మ పాడటం మానేసింది. డిసెంబరొచ్చింది, గుమ్మానికి నక్షత్రం కట్టాం, అరిసెల పిండి కొట్టారు... పాట మాత్రం లేదు. పాడమని బతిమాలితే, "దాన్ని పాడుచేసింది నేనేగా, ఇంకేం నోరు పెట్టుకుని పాడనమ్మడూ" అనేది. ఆవిడ పాట వినకుండా చర్చికి బయల్దేరిన క్రిస్మస్ నాకు తెలియదు. నాకైతే ఏడుపే తక్కువ.

ఇంకో వారంలో పండగనగా నాన్న పరుగులాంటి నడకతో వచ్చారు. "ఆ రికార్డు కంపెనీవాళ్ళు మళ్ళీ వేశారట! ఒన్ టౌన్ షాపుకి నాలుగొచ్చాయట!" అంతే... నేను సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కేశాను. ఇప్పటిలా బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్కా పాడా... రయ్యిన వెళ్ళిపోయాం.

అట్ట చూస్తే అచ్చం అదే! నేను గెంతుతున్నాను. నాన్న మాత్రం, "మళ్ళీ వేసినవాటిని నమ్మడానికి లేదండీ. రెండో పాట చివర ఒక్కసారి వినిపించండి" అన్నారు.

మొదటిదాంట్లో గరగర. రెండోది బావిలోంచి వచ్చినట్టుంది. మూడోదాంట్లో అన్నీ బాగున్నాయి గానీ గంట వినపడలేదు. షాపాయన చెమట తుడుచుకుని, "మాస్టారూ, రికార్డు కొంటున్నారా, పెళ్ళిసంబంధం చూస్తున్నారా?" అన్నారు.

ఇక మిగిలింది ఒక్కటే. నేను కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేశాను, నిజంగా. వయొలిన్లు లేచాయి... తగ్గాయి... ఇంకా తగ్గాయి...

"గంట! నాన్నా, గంట!" షాపు అదిరిపోయేలా అరిచాను. నాన్న నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. షాపాయన కూడా "హమ్మయ్య" అన్నారు.

ఇంటికి రాగానే, ఏమీ చెప్పకుండా పెట్టాం. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మొదటి పాటంతా నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి విన్నది. రెండో పాటకి మెల్లగా గొంతు కలిపింది... "కొంగు కప్పవమ్మా..." అని, అలవాటు ప్రకారం మళ్ళీ "కొంగు కప్పవమ్మా" అనేసింది. కొత్త రికార్డుకి గీత లేదుగా! వయొలిన్లు ముందుకెళ్ళిపోయాయి, నాయనమ్మ వెనకపడిపోయింది. అందరం పడీ పడీ నవ్వాం. "ఇదేంట్రా అబ్బాయ్, ఒకటి మింగేసింది! పాతదే నయం" అని, అన్నిటికన్నా గట్టిగా నవ్వింది నాయనమ్మే. ఆ పండగ పొద్దున కూడా రెండుసార్లే పాడింది. మానలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న అదే ఆల్బం ఇంకోసారి వేశారని తెలిసి తెప్పించాను. దళసరి రికార్డు, చక్కటి అట్ట. ముందు రెండో పాట చివరే పెట్టాను. గంట ఎంత స్పష్టంగా ఉందంటే, పక్కింట్లో మోగినట్టే! గరగర లేదు, గీత లేదు, వంక పెట్టడానికేమీ లేదు. నాన్న ఉంటే మొదటిదే కొనేసేవారు.

మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని గొంతు కలిపాను. "కొంగు కప్పవమ్మా..." ఇంకోసారి "కొంగు కప్పవమ్మా..."

వయొలిన్లు ముందుకెళ్ళిపోయాయి. నేను నాయనమ్మ దగ్గరే ఉండిపోయాను.

మీ ఇంట్లో కూడా ఇలా గీత పడ్డ పాట ఏదో ఉండే ఉంటుంది... ఎక్కడ ఆగేదో, ఎవరు గొంతు కలిపేవారో చెప్పండి. వినాలనుంది.