అన్ని గదుల్లో ఒకే గొంతు

ఈ ఉదయం మా అమ్మాయి లలిత ఫోన్లో ఏదో నొక్కగానే, వార్తలు చదివే ఆడగొంతు హాల్లోనూ పడకగదిలోనూ వెనక మెట్ల పక్కనున్న చిన్నగదిలోనూ ఒక్కసారే మొదలైంది. నేను అప్పుడే కళ్ళలో చుక్కలు వేసుకుని, రెప్పలు మూసుకుని మంచం మీద కూర్చున్నాను. గొంతు అన్ని పక్కల నుంచీ వచ్చింది. నా ప్రమేయం లేకుండానే కుడి అరచెయ్యి గోడని వెతుక్కుంది. "ఎలా ఉంది నాన్నా? ఇంట్లో ఎక్కడ తిరిగినా వార్త తెగదు," అంది లలిత. తను ఏ గదిలోంచి అంటోందో నాకు తెలియలేదు. నాకూ నీటికాసులు, అదే గ్లకోమా, మొదలయ్యాయని, చుక్కలు ఒక్క పూట కూడా మానొద్దని పోయిన నెలే కంటి డాక్టరు చెప్పారు. ఆ మాట విన్నప్పటికన్నా ఈ ఉదయం ఎక్కువ భయం వేసింది. ఇలాంటి స్పీకర్లే ఒకసారి నా చేతులతో నేను ఒక ఇంట్లో పెట్టాను. ఆ ఇల్లు కామేశ్వరరావు గారిది.

నేను రాజమండ్రిలో పత్రికలో చేరేనాటికి ఆయన డెస్కు ఇన్‌చార్జి. అందరం గురువుగారూ అనే పిలిచేవాళ్ళం. ఆ రోజుల్లో ప్రూఫులు ఇద్దరు దిద్దాలి. ఒకరు అసలు కాపీని పైకి చదవాలి, ఇంకొకరు అచ్చయిన కాగితం మీద చూసుకోవాలి. చదివేవాడు మాటలే కాదు, మధ్యలో వచ్చే గుర్తులన్నీ పలకాలి. "కాలువకు గండి పడింది ఫుల్‌స్టాప్ పేరా అధికారులు కామా ఇంజినీర్లు" అంటూ సాగేది మా పారాయణం. మొదటి ఆర్నెల్లూ ఆయన నాచేత అదే చేయించారు. ఒకరోజు విసుగొచ్చి, "కళ్ళతో చూస్తే సరిపోదాండీ?" అన్నాను. ఆయన తలెత్తలేదు. "కంటికి మొహమాటం ఎక్కువయ్యా. తప్పుని చూసి కూడా పోనీలే అనుకుంటుంది. చెవికి ఆ మొహమాటం లేదు," అన్నారు. రిటైరై సొంతూరు రామచంద్రపురం వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి ఆ కళ్ళు పూర్తిగా పోయాయి. నీటికాసులే.

చూపు పోయాక ఆయన ఇంట్లో నడిచే తీరు చూసి మొదటిసారి నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు జలదరించింది. గడప కాలికి తగిలితే "కామా" అనుకునేవారు. మెట్టు దిగేచోట "పేరా". కుర్చీ చేతికి అందితే "ఫుల్‌స్టాప్" అని కూలబడేవారు. అది పెంకుటిల్లు. ముందు హాలు, పక్కన పడకగది, వెనక వంటిల్లు, ఆ వెనక వసారా. వసారా నుంచి మూడు మెట్లు దిగితే దొడ్డి, దొడ్లో నుయ్యి. భీమవరంలో చేపల చెరువులున్న బావమరిది తన మేడ మీదికి వచ్చేయమని పోరుతూనే ఉండేవాడు. గురువుగారి భార్య సుభద్రమ్మ గారికీ మనసు అటే ఉండేది. "ఒక్కసారి పడ్డారంటే చాలు, ఆ పూటే సామాను సర్దేస్తాను," అనేవారు. "అక్కడ నాకు గడపలు తెలీవే. కుర్చీలో కూర్చోబెట్టి కుండీలో మొక్కలా నీళ్ళు పోస్తారు," అనేవారు ఈయన. సొంత ఇంట్లో సొంత కాళ్ళ మీద తిరగడం, ఆయనకి మిగిలింది అదొక్కటే.

ఆయన వార్తల కోసం హాల్లో రేడియో పెద్దగా మోగుతూ ఉండేది. వెనక వసారాలోకి కూడా వినపడాలి మరి. ఒక ఆదివారం సుభద్రమ్మ గారు కాఫీ ఇస్తూ, "పక్కింటి పిల్లలకి పరీక్షలు బాబూ. ఈ మోతకి వాళ్ళమ్మ మొహం ముడుచుకుంటోంది. ఏదన్నా ఉపాయం చూడండి," అన్నారు. గది గదికీ ఒక చిన్న స్పీకరు, అన్నీ తక్కువ సౌండుతో. నాకు అంతకన్నా మంచి ఆలోచన ఉండదనిపించింది. హాలుకీ పడకగదికీ కొత్తవి తెచ్చాను, వసారాకి నా దగ్గరున్న పాతది సరిపెట్టాను. పాతది అరసెకను వెనకబడి పలికేది. గురువుగారు చెవి వారగా పెట్టి విని, "వెనకది మన మన్యం ఎడిషనయ్యా. పొద్దెక్కాక గానీ చేరదు," అని నవ్వారు. నాకు తప్పు దొరికినట్టయింది. మర్నాడే పాతది తీసేసి మిగతావాటి జతది పెట్టి, మూడింటినీ ఫోన్లో ఒకటిగా కలిపాను. మూడు గదుల్లోనూ ఒకే గొంతు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆయనేమీ అనలేదు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఆ శుక్రవారం సుభద్రమ్మ గారు చుట్టాలతో పెనుగొండ గుడికి బయల్దేరుతూ, సాయంత్రం దాకా ఆయన దగ్గరుండమన్నారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. గురువుగారు పడకగదిలో ధోవతి మార్చుకుంటున్నారు. ఫోన్లో వార్తలు పెట్టేసి వెళ్ళి, వీధి చివర పెసరట్లు కట్టించుకురావడానికి పావుగంట పట్టింది. తిరిగొచ్చేసరికి మూడు గదుల్లోనూ వార్తలు సాగుతున్నాయి, ఆయన లేరు. హాల్లో కుర్చీ ఖాళీ. "గురువుగారూ" అని పిలిచాను. ఏదో మాట వినిపించినట్టయింది, కానీ వార్తల గొంతు దాన్ని మింగేసింది. స్నానాలగది తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. ఫోను తీసి ఆపుదామంటే చేతివేళ్ళకి నూనె, తెర పలకలేదు. చివరికి గోడకున్న మెయిన్ స్విచ్చి ఆపేశాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అప్పుడు దొడ్లోంచి, చాలా మామూలుగా, "ఎవరది? ప్రసాదేనా?" అని వినిపించింది.

వసారా గుమ్మంలోకి పరిగెత్తాను. ఆయన మూడు మెట్లూ దిగి, నూతికి రెండడుగుల ఇవతల, డిక్టేషన్ కోసం ఆగిన మనిషిలా నిలబడి ఉన్నారు. నూతి గట్టు మోకాలెత్తు కూడా ఉండదు. దిగబోతుంటే చెయ్యెత్తారు.

"రాకు. అక్కడే ఉండు. నువ్వెక్కడున్నావో నాకు తెలియాలి. చేతిలో ఏముంది?"

"టిఫినండి. పొట్లం."

"పేపరేనా? చదువు."

పొట్లం పాత దినపత్రికలో కట్టారు. నూనె మరకల మధ్య కనిపించింది చదివాను. "పంట కాలువలకు నీరు వదలడంతో కామా డెల్టా శివారు రైతులు హర్షం..." ఆయన నూతికి వీపు తిప్పారు. ఒక అడుగు. "గొంతు వణికించకు, కామాలు మింగేస్తున్నావు," అన్నారు. "హర్షం వ్యక్తపరిచారు ఫుల్‌స్టాప్," అన్నాను. ఇంకో రెండడుగులు. "ఎవరయ్యా రాసింది? సంతోషించారంటే రైతులు ఒప్పుకోరా?" నేను చదువుతూనే ఉన్నాను. కాలికి మెట్టు తగిలింది. "పేరా" అన్నారు. మూడు పేరాలూ ఎక్కి వచ్చి నా భుజం పట్టుకున్నారు. హాల్లో కుర్చీ దాకా ఆ పట్టు వదల్లేదు.

పెసరట్లు చల్లారిపోయాయి. ఇద్దరం తినలేదు. "హాల్లో రేడియో మోగితే హాలు అటుందని తెలిసేది," అన్నారు కాసేపటికి. "దూరమయ్యేకొద్దీ తగ్గేది. నీ పాతది ఆలస్యంగా పలికినప్పుడు కూడా పరవాలేదు, అది వసారా అని గుర్తు. ఇవాళ ఏ గదిలోకి వెళ్ళినా హాలే. గొంతు వెంట నడిచాను, మెట్లు తగిలితే వీధివైపువనుకుని దిగాను. కాలికింద మట్టి తగిలాక ఆగాను." తప్పు దిద్దాననుకుని, ఆయన చూపుని తీసేశాను. "మా ఆవిడకి చెప్పకు," అన్నారాయన. వార్త దాచొద్దని నాకు నేర్పిన మనిషి మొదటిసారి దాచమంటున్నారు. చెప్తే భీమవరం, చెప్పకపోతే నుయ్యి.

సుభద్రమ్మ గారు వచ్చి ప్రసాదం చేతిలో పెట్టారు. నేను నోరు తెరవబోతుంటే గురువుగారే మాట అందుకున్నారు. "రాసుకోవయ్యా. రామచంద్రపురం, శుక్రవారం. అన్ని గదుల్లోనూ వార్తలు వినిపించిన కారణంగా కామా ఒక పెద్దమనిషి హాలనుకుని దొడ్లోకి వెళ్ళారు. ఎవరికీ గాయాలు కాలేదు. ఫుల్‌స్టాప్." ఆవిడ చేతిలో సంచీ కింద పెట్టి దొడ్డి వైపు చూశారు. తరవాత, "నూతికి ఎంత దూరంలో ఆగారో రాయలేదేం?" అన్నారు. నలభయ్యేళ్ళు డెస్కు మనిషితో కాపరం చేసిన ఆవిడ. "రెండడుగులు," అన్నారాయన. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగారు. "రేపు పొద్దున్నే నూతి మీద ఇనప వల వేయించండి బాబూ. మా తమ్ముడికి నేను చెప్పను. ఈయన చెప్పారు కాబట్టి చెప్పను. దాచుంటే ఇవాళే సర్దేదాన్ని."

స్పీకర్లన్నీ ఆయనే చెప్పి మార్పించారు. వార్తలు హాల్లో మాత్రమే. పడకగదిలో టిక్కుటిక్కుమనే గోడ గడియారం. వంటింట్లో ఆవిడ పాటలు. "వసారాలో ఏమీ వద్దు. శబ్దం లేని చోట ఆగాలని నాకు తెలుస్తుంది," అన్నారు. ఆ తరవాత మూడేళ్ళు ఆ ఇంట్లోనే, ఆ గడపల మీదే తిరిగి, తన కుర్చీలోనే పోయారు. నా మనసు మాత్రం ఆ నూతి దగ్గర నుంచి ఇంకా పూర్తిగా ఇవతలికి రాలేదు. ఏ పని అయినా ఎక్కడా తేడా లేకుండా కుదిరిందనిపిస్తే నాకు దిగులు మొదలవుతుంది. ఆ తేడా ఎవరికి దారిగుర్తుగా ఉండేదో, దేన్ని చెరిపేశానోనని.

మాదీ పాతకాలపు ఇల్లే, కాకపోతే మేడ. ప్రతి గదికీ గడప ఉంది, చిన్నగది దాటితే పిట్టగోడ లేని వెనక మెట్లు. పొద్దున్న లలితని పిలిచి మెట్ల వైపు స్పీకరు తీసేయించాను. పడకగదిది కూడా ఆపించాను. "అంత కష్టపడి కలిపాను నాన్నా," అంది. ఎందుకో ఇంకా చెప్పలేదు, చెప్పాలి. మధ్యాహ్నం తను హాల్లో వార్తలు పెట్టుకుని ఉండగా, కళ్ళు మూసుకుని మంచం మీంచి లేచాను. గొంతు ఎడమ పక్క నుంచే వస్తోంది. అటే నడిచాను. బొటనవేలికి గడప తగిలింది.

"కామా," అన్నాను.

"ఏమన్నావ్ నాన్నా?" అంది లలిత, హాల్లోంచి.

"ఏం లేదమ్మా. మాట్లాడుతూ ఉండు, వస్తున్నాను."