పొగ లేచే ఇల్లు

నా చిన్నప్పుడు, యాభై ఏడులో, ఫ్లూ జ్వరం మద్రాసు నుంచి మా పులికాటు ఒడ్డుకు వచ్చింది. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. వలలేసేవాళ్లంతా మంచం పట్టారు. ఏ గుడిసెలో విన్నా దగ్గే. పొద్దున్నే నేను వాకిట్లో నిలబడి, ఎవరి ఇంటి మీద పొగ లేవలేదో చూసి చెప్పేదాన్ని. ఆ ఇంటికి మా అమ్మ గంజి పంపేది.

పక్కింటి అక్క ఇంటి మీద మాత్రం రోజూ పొగ లేచేది. మొగుడు ఊళ్లో లేడు, ఒళ్లో చంటిబిడ్డ. అయినా వండుకుంటోంది కదా, ఆమెకేం అనుకున్నాం.

మా అవ్వ అనుకోలేదు. గంజి చట్టి నా చేతికిచ్చి నన్ను వెంటబెట్టుకుపోయింది. అక్క పొయ్యి పక్కన గోడకు ఆనుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడే తిన్నాం లే అవ్వా" అంది. అవ్వ నేరుగా పోయి కుండ మూత తీసింది. లోపల ఉత్త నీళ్లు మరుగుతున్నాయి. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"ఏమ్మే, సిగ్గుపడేదానికి ఇదా కాలం?" అని తిడుతూనే అవ్వ తన చేత్తో ఆమెకు గంజి తాగించింది. పాలు పడి బిడ్డ గొంతెత్తి ఏడ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఇంటికొస్తూ దారిలో చెప్పింది. తన చిన్నతనంలో, పెద్ద యుద్ధం ముగిసే రోజుల్లో, ఇంతకంటే ఘోరమైన జ్వరం వచ్చిందట. మోసేవాళ్లు లేక శవాలు ఇళ్లలోనే ఉండిపోయాయట. వాళ్లింట్లో అవ్వ తప్ప అందరూ పడిపోయారు. గింజ లేదని ఊరికి తెలిస్తే పరువు పోతుందని, పొయ్యి ఆరనివ్వొద్దని వాళ్లమ్మ పడుకునే చెప్పింది. బయట తిరిగే నలుగురూ ఆ పొగ చూసి, వీళ్లు బాగానే ఉన్నారనుకుని దాటిపోయారు. అవ్వ తమ్ముడు ఆ పొయ్యి పక్కనే ఆకలితో పోయాడు.

"మంట ఎగదోసింది నేనే మే" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న కరోనాలో అందరూ ఫోనులో బాగున్నామనేవాళ్లు. నాకా మాట మీద నమ్మకం లేదు. ఏం వండారు, గిన్నెలో ఏముంది అని వాళ్లు విసుక్కునేదాకా అడిగాను. ఇప్పటికీ అడుగుతాను. దూరాన ఏ పూరింటి మీద పొగ కనిపించినా, వంటవుతోందని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఖాళీ కుండ కిందికి తాటాకు తోస్తున్న ఓ చిన్నపిల్ల కనిపిస్తుంది.