మా అత్త నేర్చుకున్న ఇంగ్లీషు టైము

కీ ఇచ్చే గోడ గడియారం గుర్తుందా మీకు? నిన్న రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో దాని గంట వినగానే మా మేనత్త కళ్లముందు మెదిలింది.

భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన అత్త, కాకినాడలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లాలనుకుంది. అక్కడ టైము ఇంగ్లీషులో చెప్పడం రావాలన్నారు. నాలుగో తరగతి చదివే నేనే ఆవిడకు టీచర్ని.

“క్వార్టర్ టు ఫైవ్ అంటే పావుతక్కువ ఐదు, అత్తా.”

“టూ అంటే రెండు కదే! మధ్యలో రెండెందుకొచ్చింది?”

ఇద్దరం పడీపడీ నవ్వాం. అయినా ఆవిడ వదల్లేదు. కూర కలుపుతూ కూడా గడియారం చూసి పైకి చెప్పుకునేది.

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన సాయంత్రం నాయనమ్మ గుమ్మంలోనే అడిగింది, “ఏమన్నారే?”

“రేపు హాఫ్ పాస్ట్ ఎయిట్‌కి రమ్మన్నారమ్మా.”

ఎన్నింటికో నాయనమ్మకు అర్థం కాలేదు. రమ్మన్నారన్నది మాత్రం అర్థమై, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.