వాసన వస్తుందా అల్లుడా

మా పక్కింటి మామ మొన్న సోమవారం పొద్దుగాల పోయిండు. పాలు పోయిచ్చుకొని అరుగు మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట. నేను దుకాణం షెటర్ లేపుతుంటే మా ఆమె ఫోన్ చేసి చెప్పింది. మీతోని దాసుడెందుకు, నాకు ముందు కోపమొచ్చింది, తర్వాతనే ఏడుపు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటుండె నాకాడ. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట ఏడాది నెట్టుకొచ్చిన.

మామ అంటే చుట్టం కాదు, వాడకట్టు వరస. ముప్పై ఏండ్లకు పైగా మా ఆర్మూర్ల పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము కాడ పనిచేసిండు. కొమ్ములు డ్రమ్ముల తిరుగుతుంటే లేచే దుమ్మంత ఆయన ముక్కులకే పోయింది. పని మానేసే నాటికి ఏ వాసనా తెల్వకుండ అయింది. ఎదురుంగ పప్పు మాడుతున్నా తెలిసేది కాదు. అసొంటి మనిషికి పువ్వుల మోజు పట్టింది, అదీ వాసనొచ్చే పువ్వులే కావాలె. "నీకెందుకు మామా గవి?" అంటే, "ముక్కున్నోళ్లు నలుగురు పోతుంటరు కదరా గీ తొవ్వల" అనెటోడు.

ఆయన పెట్టింది దండల గుచ్చే లిల్లీ కాదు. గడ్డ నుంచి లేచే లిల్లీ, పువ్వు బాకా లెక్క నోరు తెరుస్తది. మొదటిసారి ఎవరో అమ్మితే నారింజ రంగువి తెచ్చిండు. పూసినంక ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు గోడ మీదికెళ్లి తొంగిచూసి అడిగిండు.

"అల్లుడా, వాసన వస్తుందా?"

నేను ఫోన్ల నుంచి తల ఎత్తలె. "వస్తుంది మామా, మస్తు వస్తుంది."

"ఎట్ల వస్తుంది?"

"అత్తరు లెక్క."

ఆ పువ్వులకు వాసనే లేదు. ఉందా లేదా అని నేను వంగి కూడ చూడలె. గా ఒక్క మాట పట్టుకొని మూడేండ్లు ఆ గడ్డలను సాదిండు, విడదీసిండు, వాడకట్టంత పంచిండు. అత్తరు వాసన అని చెప్పి మరీ ఇచ్చిండు. తీసుకున్నోళ్లల్ల ఒక్కనికి నోరు రాలె. పెద్దమనిషి ఖుషీగున్నడు, ఎందుకు చెడగొట్టుడని అందరు ఊకున్నరు. ఆళ్ల మీద కూడ నాకు మండుతది గని, మొదలు పెట్టినోన్ని నేనే.

ఆఖరికి భీమ్‌గల్ నుంచి ఆయన బిడ్డ వచ్చి, పువ్వు మీదికి వంగి, "నాయినా, దీనికి వాసనే లేదు గదనే" అన్నది. నేను గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్న. మామ "అల్లుడు చెప్పిండు మరి" అన్నడు. వచ్చి రెండు తిట్టినా బాగుండు. తిట్టలె. తెల్లారి ఎప్పటి లెక్కనే "తిన్నవా అల్లుడా" అని అడిగిండు. పువ్వు ముచ్చట మాత్రం నాతోని మళ్ల ఎత్తలె.

ఆ యేడే నిజామాబాద్ పోయి తెల్లవి తెచ్చిండు. పూసిన కుండీ ముందు నిలబడి, నర్సరీకి వచ్చినోళ్లతోని వాసన చూపిచ్చి, ముగ్గురు అవునంటేనే కొన్నడట. గడ్డలకు చలి కావాలని ఫ్రిజ్జుల కూరగాయల అరల దాసిపెట్టిండు. ఆయన భార్య, మా అత్త, ఎల్లిగడ్డ అనుకొని ఒకటి ఒలిచేసింది. ఆ లొల్లి మా ఇంటి దాక ఇనొచ్చింది. చలి తిన్నంక జానెడు లోతు తవ్వి, కింద ఇసుక పోసి పెట్టిండు. పసుపైతే ఆకు ఎండంగనే తవ్వుతరు; పసుపు పట్టిన చేతులాయె, దీని ఆకు ఎండినా తవ్వబుద్దయ్యేదట. "పసుపు తవ్వితే బతుకు, దీన్ని తవ్వితే సావు" అనుకుంట చేతులు కట్టుకొని కూసునెటోడు.

నిరుడు పూసినయి, ఈయేడు మళ్ల పూసినయి. పొద్దుగూకితే ఆ వాసన గోడ దాటి మా వంటింట్లకు వచ్చేది. పువ్వు కాడ ఆగి నిలబడుడు నేను ఆ ముక్కు పనిచెయ్యని మనిషిని చూసే నేర్చుకున్న. ఆయన గేటు కాడ నిలబడి పాలాయనను, బీడీల కార్ఖానకు పోయే ఆడోళ్లను, కరెంటు మీటరు చూసెటాయనను ఆపి, "జర వాసన చూడుండ్రి, వస్తుందా?" అని అడిగెటోడు. నన్ను తప్ప అందరినీ. ఈసారి నిజంగనే వస్తుందని చెప్దామని నేను ఎన్నిసార్లు గోడ కాడికి పోయిన్నో. ఒకసారి "మామా" అని పిలిచి, ఆయన ఇటు తిరగంగనే, "టైమెంతయింది?" అని అడిగి వచ్చిన. థూ, ఏం బతుకు. వస్తుందంటే ఎట్ల నమ్ముతడు? లేనప్పుడు కూడ వస్తుందన్న నోరాయె.

సోమవారం మాపటి యాళ్ల దింపుడు కల్లం కాడ పాడె దించిన్రు. కొడుకు చెవిల మూడుసార్లు "నాయినా" అని పిలిచిండు. పలుకలె. "ఇంకెవరన్న పిలిచేది ఉంటే పిలువుండ్రి" అన్నడు ఒక పెద్దాయన. నేను పోయి వంగిన. బిడ్డ తెంపి పెట్టిన తెల్ల లిల్లీ భుజం పక్కన బంతిపూలల్ల ఉంది. ముక్కు ఆనిచ్చి గట్టిగ పీల్చిన. తర్వాత ఆయన చెవిల చెప్పిన.

"మామా, వస్తుంది. అత్తరు లెక్క కాదు. కొత్తబియ్యం గంజిల తేనె చుక్క ఏసి, పక్కకే నిమ్మాకు నలిపినట్టు వస్తుంది. ఈసారి వంగి చూసిన."

"పేరు పెట్టి పిలువాలె గని, ఏం చెప్తున్నవయ్యా?" అని ఎనుక నుంచి పెద్దాయన కసిరిండు. నేను లేస్తుంటే చెయ్యి తగిలి, పువ్వుల పుప్పొడి మామ మీది తెల్లబట్ట మీద రాలింది. తుడవబోయిన. తుడిచినకొద్దీ పసుపు లెక్క పచ్చగ పరుచుకుంది. జరుగుమని నన్ను పక్కకు నెట్టి పాడె లేపిన్రు.