చెప్పులు తొడుక్కునేంత సేపు

మా సైకాలజీ సార్ పోయారన్న కబురు ఒక ఆదివారం పొద్దున ఫోన్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఇంతకుముందు ఒకసారి బతికున్న మనిషి ఫొటోకే దండ వేసి పెట్టారు. సాయంత్రానికి ఆ మనిషే ఫోన్ చేసి అందరినీ తిట్టాడు. అందుకని కబురు పెట్టిన క్లాస్‌మేటుకు ఫోన్ చేశాను. "నిజమేలే మే, ఇట్లాంటిది యాడన్నా అబద్ధం చెప్తారా" అన్నాడు. అతని మాటా చాలక కాలేజీ అటెండరుకు చేశాను. అవతల ఏడుపు వినిపించింది. అప్పుడు నమ్మాను.

నమ్మకపోవడం మా ఇంటి అలవాటు. మాది ధర్మవరం, మగ్గం పని. నాయన పట్టు కొనేటప్పుడల్లా ఒక పోగు తెంచి, అగ్గిపుల్ల గీసి కాల్చి, వాసన చూస్తాడు. ఎంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. ముద్దలా కరిగి అంటుకుంటే మోసం. ఏళ్ళ తరబడి తెలిసిన దుకాణమైనా సరే కాలుస్తాడు. దుకాణం ఆయన నొచ్చుకుంటే "నీ మీద కాదన్నా అనుమానం, పోగు మీద" అంటాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, ఎవరైనా నన్ను చూసి ఊరికే నవ్వినా ఎందుకు నవ్వారా అని ఆలోచిస్తాను.

డిగ్రీలో నా మేజర్ తెలుగు. మైనర్‌గా కంప్యూటర్ అడిగితే సీట్లు నిండిపోయాయన్నారు. ఎడ్యుకేషనల్ సైకాలజీలో మాత్రం కావలసినన్ని ఉన్నాయన్నారు. ఖాళీగా వచ్చే బస్సు ఎక్కాలంటే నాకు భయం, ఎందుకు ఖాళీగా ఉందో ముందు తెలియాలి. నాయనకు చెబితే ఆయన అనుమానం ఇంకో రకంగా వచ్చింది. "పిల్లోళ్ళు ఎట్లా నేర్చుకుంటారో చెప్తారా? దానికొక సారు, ఆయనకొక జీతమా? దీంట్లో ఎవరికి లాభం పాపా?" అన్నాడు. వేరే దారి లేక చేరాను.

సార్‌ది విడపనకల్లు దిక్కు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శెనక్కాయలుండేవి. క్లాసులో ప్రశ్న అడిగి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు. ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా తాను తెరిచేవారు కాదు. వెనక బెంచీవాళ్ళు "సారు నిలబడే నిద్రపోయినాడప్పా" అనుకునేవాళ్ళు. ఆయనకు అది వినిపించేది. "తొందరేముంది, లోపల కూడుకోవాల గదా" అనేవారు.

మొదటి పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు నా బెంచీ దగ్గర వంగి, పక్కవాళ్ళకు వినబడకుండా "నీకు వస్తాది" అన్నారు. అంతే, ముందుకు పోయారు. పేపర్ మీది మార్కులు చూస్తే రాదనే చెబుతున్నాయి. మా ఇంట్లో కూడా అదే మాట. అక్క తొమ్మిదిలో ఆగిపోయి మగ్గం ఎక్కింది. "మన ఇంటోళ్ళకు చదువు అంటదు" అని అవ్వ తీర్పు ఇచ్చేసి చాలా కాలమైంది. నేనూ సగంలో దిగిపోతానని ఇంటిల్లిపాదీ, నాతో సహా, అనుకుంటూనే ఉన్నాం. అలాంటప్పుడు ఏం చూసి అన్నాడీయన? ఈయనకు నా దగ్గర ఏం కావాలి? ట్యూషన్‌కు రమ్మంటారేమోనని ఎదురుచూశాను. రమ్మనలేదు. ఆయన రాసిన గైడేదైనా కొనమంటారేమో అనుకున్నాను. అదీ లేదు. ఏమీ అడగని మనిషిని అనుమానించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆయన మాత్రం ఆ మాట మానలేదు. కారిడార్‌లో ఎదురైనా, సెమినార్‌లో సగంలో ఆపేసి నేను కూర్చుండిపోయినా, "నీకు వస్తాది." అది అబద్ధమని తేల్చి ఆయన ముఖం మీద చెప్పాలని నాకు పంతం పట్టుకుంది. తేల్చాలంటే చదవక తప్పదు కదా. చదివాను. రెండో సెమిస్టరుకు మార్కులు పెరిగాయి. మూడోసారి సెమినార్‌లో చివరిదాకా నిలబడి మాట్లాడాను. నాకు సంతోషం కంటే గాభరా ఎక్కువైంది.

ఇంకో చిత్రం ఏమంటే, మనిషి తీరు చూస్తే మా నాయన కంటే అనుమానస్తుడు. డిపార్ట్‌మెంటు గది తాళం వేసి లాగి చూసి, మెట్లదాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగేవారు. టీ గ్లాసు అందుకుంటే ముందు వాసన చూసేవారు. ఒకరోజు ఆకాశమంతా నల్లగా కమ్ముకుని ఉంటే గొడుగు తెచ్చుకోలేదేమని ఎవరో అడిగారు. "మా నాయన మబ్బును నమ్మి కౌలు చేన్లో శెనక్కాయ ఇత్తనం పెట్టినాడు. మబ్బు బళ్ళారి దిక్కు పాయె. ఇత్తనం మట్టిలోనే మాడిపాయె. అప్పట్నుంచి నేల తడిస్తేనే వానంటా నేను" అన్నారు. ఆ రోజు కూడా చినుకు పడలేదు. మబ్బును కూడా నమ్మని మనిషి నన్నెట్లా నమ్మాడని నా అనుమానం ఇంకా గట్టిపడింది.

రెండో సంవత్సరంలో దానికి సాక్ష్యం దొరికిందనుకున్నాను. ఆ రోజు పాఠం, పిల్లల మీద టీచరు పెట్టుకునే నమ్మకం గురించి. వీళ్ళకు వస్తుందని టీచరు అనుకుంటే, అది ఆయన చూపులో, గొంతులో, జవాబు కోసం ఓపిక పట్టడంలో బయటపడుతుందట. పిల్లలు దాన్ని పట్టేసుకుని నిజంగానే ముందుకు పోతారట. వింటుంటే ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"సార్, మీరు నాకు చెప్పేది ఈ పాఠమేనా? నన్ను జూసి చెప్పినారా, పుస్తకం జూసి చెప్పినారా?"

సార్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎప్పటిలాగే కిటికీవైపు తిరిగారు, ఎప్పటికంటే ఎక్కువసేపు. బెల్లు కొట్టాక "నేను జవాబు చెప్తే నువ్వు నమ్మవులే" అని పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు హాస్టల్లో నాకు అన్నం సహించలేదు. ఆ మాట ఉత్త ఉపాయమైతే, నాకు వచ్చిందనుకున్నదంతా కల్తీ పట్టే. అవ్వ మాటే ఖరారైనట్టు. చదువు ఆపేద్దామని కూడా అనుకున్నాను. ఆపలేదు గానీ లోపల ఆ ముల్లు అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఇంకా లోపలికి దించింది ఏమంటే, ఆ రోజు తర్వాత సార్ నాతో ఆ మాట మళ్ళీ అనలేదు. కాలేజీలో ఉన్నంత కాలం ఒక్కసారి కూడా. దొంగ దొరికిపోయి నోరు మూసుకున్నాడని అనుకున్నాను. డిగ్రీ ముగిసి, కొత్తచెరువులో ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఆ సంగతి ఫోన్‌లో చెబితే "మంచిది" అన్నారు. అదే ఆయన గొంతు ఆఖరుసారి వినడం.

సార్ వాళ్ళు క్రైస్తవులు. ఆయన పోయిన కొన్నాళ్ళకు అనంతపురంలో ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక, పోయిన మనిషి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చని పాస్టరుగారు మైకు ఇచ్చారు. మొదట ఒక బ్యాంకు ఉద్యోగి లేచాడు. "నేను ఫెయిలయి కూచోనుంటే సార్ చెవి దగ్గరకొచ్చి ఒక మాట చెప్పినాడు, నీకు వస్తాది అని." తర్వాత చిలమత్తూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ. ఆమెకూ అదే మాట. తర్వాత ఒక కండక్టరు. అదే మాట. మైకు చేతులు మారుతూ ఉంది, మాట మాత్రం మారడం లేదు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇన్నేళ్ళ నా అనుమానం నిజమే అన్నమాట. నేను గెలిచాను. ఇంత దుఃఖపెట్టే గెలుపు నాకెప్పుడూ దొరకలేదు.

మైకు నా దాకా రాకముందే లేచి గేటువైపు నడిచాను. సార్ భార్య వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ధర్మవరం పాపవు నువ్వే కదా, కాలేజీ ఫొటోలో చూపించినాడు. అన్నం తినకుండా పోతాండావేమ్మా?"

బస్సుకు టైమైందన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అందరికీ అదే మాట చెప్పినాడని కోపం వచ్చిందా?" అన్నారు. గడప పక్కన అరుగు మీద నన్ను కూర్చోబెట్టి తానూ కూర్చున్నారు.

"అందరికీ చెప్పేవాడు, దాచేదేముంది. కానీ ఊరికే చెప్పలేదమ్మా. పొద్దున్నే ఈడనే కూచోని చెప్పులు తొడుక్కుంటా గొణుక్కునేవాడు. ఎవరితో మాట్లాడతాండావంటే, నాతోనే అనేవాడు. ఫలానా పిల్లోనికి వస్తాది, ఫలానా పాపకు వస్తాది అని తనకు తానే చెప్పుకునేవాడు. నాకు నమ్మకం కుదరకుండా ఆడికి పోయి చెప్తే పిల్లోళ్ళు కనుక్కుంటారు అనేవాడు. కుదరకపోతే పట్టీ ఇప్పి మళ్ళా పెట్టుకునేవాడు. ఎన్నిసార్లు బస్సు పోగొట్టుకున్నాడో. నీ కాడ మాత్రం బో తడువు పట్టేది."

"అంటే నాకు వస్తాదని సార్‌కు నమ్మకం లేకుండెనా అమ్మా?"

"మొదట్లో లేకుండె. మగ్గమోళ్ళ పాప గదా, పోగు కాల్చినట్టు నన్ను కాల్చి చూస్తాది, దాన్ని ఏమార్చేకి కాదు అనేవాడు. ఒక పొద్దు గమ్మున చెప్పులేసుకొని లేచినాడు. ధర్మవరం పాప సంగతి మరిచిపోయినావే అన్నా. ఆ పాప గురించి నాకు నేను చెప్పుకునే పని లేదింక, పాపకు చెప్పే పని కూడా లేదు అన్నాడు."

"ఎప్పుడమ్మా అది?"

"క్లాసులో లేచి సారును ఏందో గట్టిగా అడిగినావంట గదా. ఆ మర్సటి పొద్దు."

ఓదార్చడానికి చెబుతున్నారేమో అని నాకు వెంటనే అనిపించింది. ఏం చేయను, పుట్టుబుద్ధి. నేను ప్రశ్న అడిగిన సంగతి క్లాసంతా తెలుసు, ఎవరైనా చెప్పి ఉండొచ్చు. కానీ ఆ రోజు నుంచి సార్ నాతో ఆ మాట అనడం మానేశారని నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఎంట్రుక కాలిన వాసన వచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత లోపలికి పోయి అన్నం తిన్నాను. గడప పక్కన సార్ చెప్పులు ఇంకా అట్లాగే ఉన్నాయి, పట్టీలు వంగి వంగి మెత్తబడిపోయి.

మా బడిలో ఆరో తరగతిలో ఒక పాప ఉంది. పుస్తకం ఇచ్చి చదవమంటే లేచి నిలబడుతుంది, నోరు తెరవదు. దానికి రాదని మిగతా టీచర్లు తేల్చేశారు. ఇంట్లో వాళ్ళూ తేల్చేసినట్టున్నారు. నేను పొద్దున బెల్లు కొట్టకముందే వరండా మెట్టు మీద కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ నాలో నేను ఆ మాట గొణుక్కుంటాను. నిన్న తలెత్తితే కిటికీ చువ్వల వెనక ఆ పాప నిలబడి నన్నే చూస్తోంది. కళ్ళు చిన్నవి చేసుకుని, నాయన పోగు కాల్చేటప్పుడు చూసినట్టు.

"ఎవరితో మాట్లాడతాండారు టీచర్?" అంది.

బెల్లు కొట్టారు. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. పట్టీ విప్పి మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టాను.